ఒంటి అక్షరం ఫైలు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. కొల్లేట్లో పట్టిన చేప ఏలూరు చేరేలోగా మూరెడు పెరుగుతుందంటారు. నా నోట్లో పడితే అది పడవని కూడా మింగేస్తుంది. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనీ పదితో భాగించి వింటుంది. మా కాపురం ఇన్నేళ్ళుగా ఆ భాగహారం మీదే చల్లగా నడుస్తోంది. మీరూ అలాగే చదువుకోండి. ఒక్కచోట మాత్రం పెంచి చెప్పడం కాదు, పచ్చి అబద్ధమే ఆడబోతున్నాను. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళకి నేను కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. కాపురం తాడేపల్లిగూడెంలో, కొలువు ఏలూరులో ఒక మేడ మీద కొట్లో. ఆ రెండు ఊళ్ళ మధ్యా, కిందికి కొల్లేటి దాకా, ఎక్కడ కంప్యూటరు మూలిగినా నేనే వెళ్ళాలి. సంచీలో ఒక స్క్రూడ్రైవరు, నాలుగు ఫ్లాపీలు, దుమ్ము దులిపే బ్రష్షు. అంతే నా వైద్యం. ఊళ్ళలో మాత్రం నన్ను ‘ఇంజనీరుగారూ’ అని పిలిచేవారు. నేను చదివింది బీకాం అని వాళ్ళకి చెప్పి, ఆ మర్యాదకి భంగం కలిగించడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇప్పటి పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. మీ ఫోనులో ఒక పెళ్ళి వీడియో పట్టేంత చోటులో ఆ రోజుల్లో ఒక బడి బడంతా కాపురం ఉండేది. నాలుగు జీబీల డిస్కు అంటే లంకంత కొంప అనుకునేవాళ్ళం. అది నిండిపోతే కంప్యూటరు ఈనబోయే గేదెలా నడిచేది. ఒక అక్షరం కొట్టి, టీ తాగి వస్తే తెర మీద కనపడేది.

భీమడోలులో రైలు దిగి, ఆటో ఎక్కి కొల్లేటి వైపు వెళితే, చేపల చెరువుల మధ్య ఒక మిషన్ స్కూలు ఉండేది. ఆడపిల్లల బడి. అక్కడ నేను ఒక మనిషి గొంతు పోవడం చూశాను. రోగంతో పోవడం కాదు. అది ఎలాగూ పోయింది. ఆపరేషనుకి ముందు ఆయన దాచుకున్న గొంతు, డిస్కులో చోటు కోసం ఊడ్చేయబడింది. నేను చెప్పబోయేది అదే.

ఆ రోజు నేను ఆఫీసు గదిలో అడుగు పెట్టేసరికి హెడ్మిస్ట్రెస్ గారు ప్రింటరు ముందు నిలబడి ఉన్నారు. ఆవిడ చూపుకి తొమ్మిదో తరగతి రౌడీ పిల్లలే గోడకి అతుక్కుపోతారు. ప్రింటరు మాత్రం సగం కాగితం బయటికి పెట్టి, మిగతా సగం మింగి, నాలుక చాచినట్టు ఆగిపోయింది.

“ఇంజనీరుగారూ, తొంభై మంది టెన్త్ పిల్లల పేర్లు రేపటికల్లా వెళ్ళాలండి. పేరు వెళ్ళకపోతే ఆ పిల్ల పరీక్ష రాయలేదు. ఇదేమో పొద్దుట్నించీ ‘చోటు లేదు, చోటు లేదు’ అంటుంది. ఇంత గది ఇచ్చాం, ఇంకెంత చోటు కావాలండీ దీనికి?”

అనేసి ఆవిడ క్లాసుకి వెళ్ళిపోయారు. పక్కనే క్లర్కుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. సన్నగా, తెల్ల చొక్కాలో, గూటిలోని చాక్‌పీసులా ఉంటారు. కాగితానికి రెండు వైపులా రాసి, అంచుల్లో కూడా రాసి, ఆ తర్వాత దాన్ని కవరుగా తిప్పి అంటించే మనిషి. చిత్తు కాగితమన్న మాట ఆయన డిక్షనరీలో లేదు. ఇందిర గారి కాలం నాటి సెలవు చీటీలు కూడా బీరువాలో ఉన్నాయని చెప్పుకునేవారు. నెహ్రూ గారి కాలంవి అని నేను చెబుతుంటాను.

“చోటు మిగల్చడానికి నేను చెయ్యగలిగిందంతా చేశానండి,” అన్నారు వినయంగా.

“ఏం చేశారండీ?”

“పేర్లు కుదించానండి.”

నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుని ఫైళ్ళ జాబితా తెరిచాను. ఏ. బీ. సీ. డీ. అలా జెడ్ దాకా వెళ్ళి, మళ్ళీ ఏఏ, ఏబీ అంటూ మొదలైంది. అన్నీ ఒంటి అక్షరాలు, మహా అయితే జంట అక్షరాలు. పేరు చివర చుక్క తర్వాత ఉండే తోకలు కూడా కత్తిరించేశారు. ఏది ఉత్తరమో, ఏది మార్కుల జాబితానో, ఏది బొమ్మో కనిపెట్టడం దేవుడికి కూడా కష్టం.

“పొడుగు పేర్లు చోటు తినేస్తాయి కదండీ. ఒక్కొక్క పేరుకీ పది పదిహేను అక్షరాలు. అందుకని వారం రోజులు కూర్చుని అన్నిటికీ ఒక్కో అక్షరమే ఉంచాను. ఉత్తరాల్లో అక్షరాల సైజు కూడా తగ్గించానండి. పెద్ద అక్షరం ఎక్కువ బరువు కదా. మొన్న పై ఆఫీసు నుంచి కబురొచ్చింది, భూతద్దం కూడా జతచేసి పంపమని.”

నవ్వు ఆపుకోవడానికి నేను టేబులు కిందకి దూరి, వైర్లు చూస్తున్నట్టు మూడు నిమిషాలు నటించాను. కానీ కింద ఉండగా తోచింది: మనిషి ఎంత శ్రద్ధగా తప్పు చేశాడు! నిర్లక్ష్యంగా ఒప్పు చేసేవాళ్ళకన్నా ఈయన ఎంతో నయం.

“మరి ఏ అక్షరం ఏ ఫైలో ఎలా తెలుస్తుందండీ?”

“పుస్తకంలో రాసుకున్నానండి. ప్రతి అక్షరానికీ ఒక వరుస. అది ఇంటి దగ్గరుంది. మంచి ఇంకుపెన్నుతో ఇంట్లో కూర్చుని రాస్తాను.”

సరే, ముందు చెత్తబుట్ట చూశాను. మూడేళ్ళ చెత్త, కంప్యూటరు కొన్నరోజు నుంచి ఒక్కసారీ ఖాళీ అవలేదు.

“అది ఆయమ్మ శనివారం శనివారం ఖాళీ చేస్తుంది కదండీ,” అన్నారు క్లర్కుగారు.

“ఈ బుట్ట ఆయమ్మకి అందదండి.”

“అయ్యో, అదేం చెప్పరే ఎవరూ!”

బుట్ట ఖాళీ చేశాను. పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు తుడిచాను. పిల్లలెవరో ఎక్కించిన పేకాట తీసేశాను. దాంతో వచ్చిన చోటు గోళీకాయంత. తొంభై పేర్లకి అది చాలదు. జాబితాని పెద్దవి ముందు వచ్చేలా పేర్చాను. అన్నిటికన్నా పైన ఎనుబోతులా కూర్చుంది ఎమ్ అనే ఫైలు. డిస్కులో ఎనిమిదో వంతు అదొక్కటే. తోక లేదు. ఉత్తరాల ప్రోగ్రాములు రెండింటితో తెరిచి చూశాను, తెరుచుకోలేదు.

“క్లర్కుగారూ, పుస్తకం చూస్తే బావుంటుందేమోనండి,” అన్నాను నేను, మునీశ్వరుడంత శాంతంగా.

“అక్కర్లేదండి, నాకన్నీ నోటికొచ్చు. ఎమ్ అంటే పాత మోడల్ పేపర్లు,” అన్నారాయన. అంటూనే ముందుకి వంగి, షిఫ్టు పట్టుకుని డిలీట్ నొక్కేశారు. షిఫ్టు పట్టుకుని నొక్కితే ఫైలు చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు. నేరుగా శ్మశానానికే.

ప్రింటరు ఆవులించి లేచింది. సగం మింగిన కాగితాన్ని కక్కి, తొంభై మంది పేర్లూ గడగడా అప్పజెప్పింది. ఆ చప్పుడుకి క్లాసు నుంచి వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు నవ్వారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఆ జిల్లాలో ముగ్గురే ఉన్నారని ప్రతీతి. నేను ఐదు గంటల పాసింజరు అందుకోవడానికి పరుగెత్తాను.

సరిగ్గా పది రోజులకి కొట్టుకి ఫోను వచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు. గొంతులో ఎప్పుడూ ఉండే గంట మోత లేదు.

“ఇంజనీరుగారూ, మా పాటల మాస్టారి ఫైలు కనిపించట్లేదండి. కుట్టు టీచరుగారు ఇక్కడే కూర్చున్నారు.”

పాటల మాస్టారు ఆ బడిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కుట్టు టీచరుగారు ఆయన భార్య. ఆవిడా అక్కడే పిల్లలకి కుట్లు నేర్పేవారు. మాస్టారి గొంతులో పుండు లేచింది. ఏలూరులో ఆపరేషను చేసి, గొంతు పెట్టె తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషను ముందు రోజు క్లర్కుగారు ఆయన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, మైకు పెట్టి, ఆయన కట్టిన పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. యాభై నిమిషాలు. ఆపరేషను అయింది. మాస్టారు బతికారు, మాట పోయింది. ఇంటికొచ్చాక పలక మీద రాసి మాట్లాడుతున్నారు. ఇరవై రోజులు ఆ పలకతో కాపురం చేశాక, ఆవిడ ఒక మధ్యాహ్నం బడికి నడిచొచ్చి అడిగారట: “ఒక్కసారి వినిపించండి బాబూ, ఊరికే వినిపోతాను.”

క్లర్కుగారు ఇంటికెళ్ళి పుస్తకం తెచ్చారు. ఎమ్ వరుసలో ఇంకుపెన్నుతో గుండ్రంగా రాసి ఉంది: ‘మాస్టారి పాటలు.’

“ఆ కంప్యూటరు ఎవరూ ముట్టుకోకండి,” అని ఫోనులోనే అరిచాను. “గోడ దగ్గర స్విచ్చి తీసేయండి. నేను బయల్దేరుతున్నాను.”

అరుపుకి కారణం ఉంది. ఫైలు తీసేస్తే నిజానికి ఫైలు పోదు. బడి భాషలో చెబుతాను. హాజరు పట్టీలో పేరు కొట్టేస్తారు, అంతే. పిల్ల బెంచీ మీదే కూర్చుని ఉంటుంది. కొత్త పిల్ల వచ్చి ఆ చోట్లో కూర్చుంటేనే పాత పిల్ల లేచిపోతుంది. పది రోజులుగా ఆ బెంచీల మీదకి ఎంతమంది కొత్తవాళ్ళు వచ్చి కూర్చున్నారో!

నేను వెళ్ళేసరికి గదిలో నలుగురూ బొమ్మల్లా ఉన్నారు. మాస్టారు మెడకి తెల్ల గుడ్డ చుట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో పలక.

“ఎవరు తీశారండీ దాన్ని?” అని అడిగారు హెడ్మిస్ట్రెస్ గారు.

“నేనేనండి,” అన్నారు క్లర్కుగారు.

“పుస్తకం చూడకుండానా?”

“చూడకుండానేనండి.”

“ముప్పై ఏళ్ళలో ఒక్క చిత్తు కాగితం పారెయ్యని మనిషి, పారెయ్యక పారెయ్యక దీన్ని పారేశారా!”

ఆయన తల వంచుకున్నారు. నేను నోరెత్తలేదు. ఆ గదిలో ఆ క్షణాన ప్రింటరు తర్వాత అంత నోరు మూసుకున్నది నేనే.

డిస్కు విప్పి ఏలూరు తీసుకెళ్ళాలి, అక్కడ వెతికే సాధనం ఉందని చెప్పాను. విప్పాను. అరచేయంత ఇనప బిళ్ళ. సంచీలో స్క్రూడ్రైవరు పక్కన పడేయబోతుంటే కుట్టు టీచరుగారు లేచారు.

“అలా ఎలా పడేస్తావు బాబూ, దెబ్బ తగలదూ? ఇటివ్వు.”

పక్క గదిలో కుట్టుమిషను చప్పుడు మొదలైంది. పది నిమిషాల్లో లోపల దూది, పైన పూల గుడ్డ, మూతికి బొందు ఉన్న సంచీ తయారైంది. కొల్లేటి ప్రాంతంలో హార్డు డిస్కుకి పొత్తిళ్ళ సంచీ కుట్టినది ఆవిడొక్కరే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. గుండుగొలను దగ్గర బస్సు గోతిలో పడి లేచినప్పుడు నా తల పైకప్పుకి తగిలింది, చేతులు మాత్రం సంచీ వదల్లేదు. పక్క సీటు ఆవిడ, “ఎన్నో నెల బాబూ?” అని అడిగింది. మగపిల్లాడని చెప్పాను.

ఏలూరు కొట్లో దాన్ని మరో కంప్యూటరుకి తగిలించి వెతుకుడు మొదలుపెట్టాను. అక్కడ నాకు ఇంకో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ కాలపు కంప్యూటర్లు ఫైలుని తీసేసినప్పుడు దాని పేరులో మొదటి అక్షరాన్ని చెరిపేసేవి. మిగతా అక్షరాలు చూసి మనం పోల్చుకోవాలి. మన క్లర్కుగారి ఫైలుకి ఉన్నదే ఒక్క అక్షరం! అది పోయాక మిగిలింది శుద్ధ శూన్యం. అలాంటి శూన్యాలు జాబితా నిండా ఉన్నాయి. సైజు చూసి, ఒకటొకటే తెరిచి, నాలుగు గంటల తర్వాత దాన్ని పట్టుకున్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

నాలుగు నిమిషాలు వినపడింది. ఆ తర్వాత గరగర. చివరిదాకా గరగరే. తొంభై మంది ఆడపిల్లల పేర్లూ, ఆ తర్వాత పది రోజుల ఉత్తరాలూ, కంప్యూటరు తనలో తాను రాసుకునే చిత్తూ మాస్టారి పాటల మీద బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క పాట కూడా పూర్తిగా లేదు.

ఆ నాలుగు నిమిషాలనే సీడీ మీదకి ఎక్కించాను. ఒకటి కాదు, ముప్పై ఆరు సీడీల మీదకి. (భాగించుకోండి.)

శనివారం మధ్యాహ్నం ఆఫీసు గదిలో అందరూ కూర్చున్నారు. కిటికీకి బయట ఆడపిల్లలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నారు. “నాలుగు నిమిషాలేనండి, పాటలు రాలేదు,” అని ముందే చెప్పాను. మీట నొక్కాను.

మొదట కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత గదంతా నిండుతూ ఒక మగ గొంతు, ఖంగుమని:

“ఏవండీ క్లర్కుగారూ, తిరుగుతోందా అది? తిరగకుండానే నాచేత పాడించేస్తున్నారా?”

“తిరుగుతోందండి, పాడండి.”

పాట ఎత్తుకున్నారు. కొల్లేటి పక్షుల పాట. గూడబాతుతో మొదలై నారాయణపక్షి దగ్గరికి వచ్చేసరికి దగ్గు. దగ్గు తెర ఆగాక మళ్ళీ గొంతు:

“కుట్టు టీచరుగారూ, ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి. అదిగో! మళ్ళీ కారింది. పంచె తడిపేశారు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఆడపిల్లలందరికీ గుండీలు కుట్టడం నేర్పారు, ఫ్లాస్కు మూత బిగించడం మాత్రం మీకు రాలేదు.”

“చాల్లెండి, మైకు వింటోంది,” అని ఆవిడ గొంతు.

“విననీయండి. రేపట్నుంచి ఎలాగూ మీదే రాజ్యం. ఈ ఒక్క తిట్టూ దాచుకోండి.”

ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మీదే గరగర మొదలైంది. నేను ఆపేశాను.

క్లర్కుగారు నేల చూపులు చూస్తున్నారు. కుట్టు టీచరుగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. తీరా చూస్తే నవ్వు ఆపుకోలేక.

“పాటలు పోయాయండి, క్షమించండి,” అన్నారు క్లర్కుగారు.

“పాటలు ఎక్కడికి పోతాయండీ? ఆ కిటికీ దగ్గర కోతులందరికీ నోటికొచ్చు,” అన్నారావిడ. “ఈ తిట్టు ఎవరికొచ్చు? ఇది ఇంకోసారి పెట్టు బాబూ.”

కిటికీ దగ్గర కోతులు ఆ మాట చాలన్నట్టు పక్షుల పాట అందుకున్నాయి. గూడబాతు, నారాయణపక్షి, నీటికాకి... ఎక్కడా ఆగలేదు, దగ్గు కూడా రాలేదు. మాస్టారు పలక మీద ఏదో గీకి పైకెత్తారు. హెడ్మిస్ట్రెస్ గారు చదివి మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు రెండుసార్లు చూసినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే. పలక మీద ఉంది: ‘మూత ఇప్పటికీ కారుతోంది.’

క్లర్కుగారు జేబులోంచి ఇంకుపెన్ను తీసి, పుస్తకంలో ఎమ్ వరుస దగ్గర ‘పాటలు’ అన్నది కొట్టేసి పక్కన రాశారు: ‘మాస్టారు, నాలుగు నిమిషాలు. ఎవరూ తీయరాదు.’

ఇక నా బాకీ. ఎక్కడ అబద్ధమాడానో చెబుతానన్నాను.

పలక నిజం. పూల సంచీ నిజం, ఇప్పటికీ మా బీరువాలో ఉంది. పేర్లు కుదించడం, అక్షరాలు తగ్గించడం కూడా నిజమే. అబద్ధమల్లా ఎమ్ దగ్గర. షిఫ్టు పట్టుకుని డిలీట్ నొక్కే విద్య ఆ క్లర్కుగారికి తెలీనే తెలీదు. మోడల్ పేపర్ల మాట ఆయన అననే లేదు. ఆయన అన్నది ఇది: “ఎమ్ ఏదో ముఖ్యమైనదేనండి, సరిగ్గా గుర్తు రావట్లేదు. సైకిలు మీద వెళ్ళి పుస్తకం తెస్తాను, అరగంట.” “నా బండి పోతుందండీ,” అని నేనే నొక్కాను. ముందు నకలు తీసుకో, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి అని ఊరందరికీ చెప్పే ఇంజనీరుగారి చూపుడువేలు అది.

అందరి ముందూ “నేనేనండి” అన్నది మాత్రం క్లర్కుగారే. తర్వాత ఆయన నన్ను ఆటో దాకా సాగనంపుతుంటే అడిగాను, ఎందుకన్నారని. “మీరు ఊరూరా తిరిగే మనిషండి. మాట పడితే ఇంకెవరూ పెట్టె ముట్టుకోనివ్వరు. నాకు హెడ్మిస్ట్రెస్ గారి తిట్లు ముప్పై ఏళ్ళ అలవాటు,” అన్నారు. ఆయన పోయిన ఏడాది కాలం చేశారు. ఆ నింద అలాగే మోసుకుంటూ వెళ్ళిపోయారు. అందుకే ఇది రాశాను.

అన్నట్టు, ఆ రోజు ఐదు గంటల పాసింజరు భీమడోలుకి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. పుస్తకం మూడుసార్లు తెచ్చుకోవచ్చు.

ఆ గంటన్నరని మాత్రం భాగించకండి.